ఆయన ‘ఇంకో పది’ అంటారు, నా నడుమేమో పట్టేస్తోంది

ప్రశ్న: నా వయసు 38. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే. చిన్నవాడికి తొమ్మిదేళ్లు. మావారు రెండేళ్లుగా వ్యాయామం చేసి బాగా తగ్గారు. మూణ్నెల్ల నుంచి పొద్దున్నే ఐదున్నరకి లేపి నాతోనూ స్క్వాట్లు, అంటే గుంజీళ్లలా కిందికి దిగి లేవడం, చేయిస్తున్నారు. మొదట్లో ఉత్తినే, నెల నుంచి భుజాల మీద 20 కిలోల రాడ్డుతో. ‘ఇంకా కిందికి, మోకాళ్లు కాలివేళ్లు దాటకూడదు, ఇంకో పది’ అంటారు. అప్పట్నుంచీ నడుము కింది భాగం పట్టేస్తోంది. చెబితే ‘సాకులు’ అంటారు. అత్తగారేమో కాన్పప్పుడు వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లేనంటారు. ఆయనకు తెలియకుండా నొప్పి మాత్ర వేసుకుని చేస్తున్నాను. మానేద్దామా అంటే, రోజు మొత్తంలో మేమిద్దరం మాట్లాడుకునేది ఆ అరగంటే.
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ చివరి మాట. ఆ అరగంట ఎక్కడ పోతుందోనని నొప్పి దాచుకుని, మాత్ర మింగి మరీ బరువెత్తుతున్నారు. ఆ మాత్ర ముందు మానండి. డాక్టర్ని అడక్కుండా మందుల షాపులో కొని రోజూ వేసుకుంటే కడుపుకీ కిడ్నీలకీ కూడా చేటు. పైగా ‘ఇక చాలు’ అని నడుము చెప్పే మాట మీకు వినపడకుండా చేస్తోంది. రాడ్డుని ఓ రెండు వారాలు గోడకి ఆనించేయండి. అలాగని మంచం ఎక్కొద్దు. పడుకునే ఉంటే నడుము ఇంకా బిగుసుకుంటుంది. నడక, ఇంటి పని ఓర్చుకోగలిగినంత మేర సాగనివ్వండి.

అత్తగారి సూది సంగతి. మన ఇళ్లలో కాన్పయిన ఆడవాళ్లకి నడుం నొప్పి వస్తే నింద ఆ సూది మీదికే పోతుంది. గుచ్చిన చోట కొన్నాళ్లు సలపడం మామూలే. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి అది కారణమని మాత్రం తేలలేదు. తొమ్మిదేళ్లు ఊరుకున్న సూది సరిగ్గా రాడ్డు భుజానికెక్కిన నెలలోనే లేచిందంటే నేను నమ్మను. కాకపోతే ఆవిడ పూర్తిగా తప్పూ కాదు. కాన్పుల్లో సాగిన పొట్ట కండరాలకి మళ్లీ బలం రాకపోయి ఉండొచ్చు. బరువు మోసేటప్పుడు నడుముని పట్టి ఉంచేవాటిలో అవీ ముఖ్యమే.

అసలు చిక్కు మీవారన్నారని మీరు రాసిన ఆ రెండు ముక్కల్లో ఉందనిపిస్తోంది. ‘మోకాళ్లు వేళ్లు దాటకూడదు’ అని బలవంతాన వెనక్కి ఆపుకుంటే పడిపోకుండా ఉండటానికి ఒళ్లు ముందుకి వంగుతుంది. అప్పుడు భుజాల మీది బరువంతా నడుము మీదికే వస్తుంది. నిజానికి కిందికి దిగినప్పుడు మోకాళ్లు కాస్త వేళ్లు దాటితే తప్పేమీ లేదు. వేళ్లు ఎటు చూస్తున్నాయో మోకాళ్లూ అటే వెళ్లాలి, లోపలికి వాలకూడదు, అంతే. ఇక ‘ఇంకా కిందికి’. తుంటి కీలు అందరికీ ఒకేలా ఉండదు, తొడ ఎముక పొడవూ అంతే. ఎవరి హద్దు వాళ్లకి ఉంటుంది. అది దాటి దిగితే పిరుదులు లోపలికి ముడుచుకుని నడుము గుండ్రంగా వంగిపోతుంది. ఆయన ఒంటికి కుదిరిన లోతు మీ ఒంటికి కొలత కాదు.

మా అమ్మమ్మ గొంతుక్కూర్చుని గంటల కొద్దీ అంట్లు తోమేది, వీపు గుండ్రంగానే ఉండేది, ఏమీ కాలేదే అని మీకు అనిపించొచ్చు. ఆవిడ చిన్నప్పట్నుంచీ అలా కూర్చుంది, చీలమండలు అందుకు అలవాటు పడ్డాయి. పైగా ఆవిడ భుజాల మీద రాడ్డు లేదు.

నొప్పి తగ్గాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి వెనక వేసుకోండి. మొదట మాత్రం చీపురుకర్ర నిలువుగా వీపుకి ఆనించి పట్టుకోండి. తల వెనక, వీపు మధ్య, నడుము కింద వెన్ను చివర, మూడు చోట్లా తగలాలి. ఆ మూడూ వదలకుండా తుంటి దగ్గర వంగడం నాలుగు రోజులు అలవాటు చేసుకోండి. ఆ తర్వాతే కుర్చీ. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి. ఊపిరి పీల్చి, ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు పొట్ట బిగించండి. మెల్లగా దిగి కుర్చీని తాకి లేవండి, లేస్తూ ఊపిరి వదలండి. మడమలు నేల విడిచి లేస్తుంటే వాటి కింద అంగుళం మందం పలక పెట్టుకోండి. మెత్తటి బూట్లు వద్దు, ఉత్త కాళ్లే మేలు. ఎనిమిదేసి చొప్పున రెండు మూడు విడతలు చాలు. అది తేలికయ్యాక ఐదు కిలోల బరువేదైనా ఛాతీకి హత్తుకుని చేయండి. బరువు ముందుంటే ఒళ్లు నిటారుగా నిలవడం సులువు. మర్నాడు తొడలు లాగితే పర్లేదు. నడుము పట్టేస్తే మాత్రం లోతో బరువో తగ్గించాలన్నమాట.

ఇక మీవారు. మీరు రాసిన దాన్నిబట్టి ఆయన చెడ్డవాడు కాదు, చెడ్డ మాస్టారు. తన మీద పనిచేసిన మందు అందరికీ పనిచేస్తుందనుకునే రకం. ఐదున్నరకి రాడ్డు కింద నుంచి ఈ విషయం మాట్లాడకండి, సాకులాగే వినిపిస్తుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక మాత్ర సంగతితో సహా చెప్పండి. ‘నాకు మీతో ఆ అరగంట కావాలి. అందుకే నొప్పి దాచాను’ అనండి. ఆ మాట విన్నాక కూడా ‘సాకులు’ అనే మనిషైతే మళ్లీ రాయండి, అప్పుడు స్క్వాట్ల గురించి కాక వేరే మాట్లాడుకుందాం.

లెక్కపెట్టే పని ఆయన్నుంచి తీసేసి ఫోను చేతికివ్వండి. పక్క నుంచి వీడియో తీయమనండి. దిగేటప్పుడు నడుము ఎక్కడ గుండ్రమవుతోందో ఇద్దరూ కలిసి చూడండి. అక్కడికి రెండంగుళాల పైనే ఆగాలి. కుర్చీ ఎత్తు చాలకపోతే దిండు వేయండి. వారంలో రెండు రోజులు మీకిష్టమైన చోటికి నడకకి పోదామని అడగండి, ఆ అరగంట స్క్వాట్లకే రాసివ్వలేదు కదా.

రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గుముఖం పట్టకపోయినా, కాలిలోకి పాకినా ఎముకల డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో కలవండి. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం, విరేచనం మీద అదుపు పోయినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నట్టు, కుర్చీ ఎలాగూ వేస్తున్నారు కాబట్టి అత్తగారినీ పిలవండి. చేతులు ఆనించకుండా కూర్చుని లేవడం ఆవిడ వయసుకీ మంచిదే. పక్కన మాత్రం ఎవరో ఒకరు ఉండండి.