పేరున్న కాలేజీ సరే, వయొలిన్ చెప్పేదెవరు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఏడో ఏట నుంచి చిక్కడపల్లిలో ఒక గురువుగారి దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. త్యాగరాయ గానసభలో రెండు మూడుసార్లు వాయించింది కూడా. సంగీతమే చదువుతానంటోంది. వాళ్లమ్మేమో బీటెక్ చేసి తీరాలంటోంది. నేను వెతికి ఒక లిస్టు రాసుకున్నాను: అమెరికాలోని బర్క్‌లీ, బనారస్, బరోడా, లక్నో, ఢిల్లీ, కళాక్షేత్ర, విజయనగరం, రాంకోఠి, జేఎన్‌ఏఎఫ్‌ఏయూ. వీటిలో వేటికి అప్లై చేయమంటారు?

జవాబు: మీ లిస్టులో సగం ఇవాళే కొట్టేయొచ్చండీ. మాసబ్‌ట్యాంక్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూని పేరులో ఫైన్ ఆర్ట్స్ ఉందని రాసుకున్నట్టున్నారు. అక్కడ చెప్పేది పెయింటింగ్, శిల్పం, ఫొటోగ్రఫీ, యానిమేషన్, ఆర్కిటెక్చర్ లాంటివి.

బనారస్, బరోడా, లక్నో గొప్ప చోట్లే. కానీ అక్కడ ప్రధానంగా హిందుస్తానీ. ఇన్నేళ్లు మన గమకాలు పలికిన చేతికి బాణీ మార్చడమంటే మాటలు కాదు. మార్చినవాళ్లు లేకపోలేదు. ఎన్. రాజం గారు మొదట నేర్చింది కర్ణాటకమే. తర్వాత ఓంకార్‌నాథ్ ఠాకూర్ గారి దగ్గర శిష్యరికం చేసి, హిందుస్తానీ గాత్రపు పోకడల్ని వయొలిన్ మీద పలికించి, బనారస్ హిందూ యూనివర్సిటీలోనే దశాబ్దాల పాటు పాఠం చెప్పారు. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే హిందుస్తానీ ఖయాల్ రికార్డింగులు పెట్టుకుని వింటోందా? అయితే బనారస్ ఉంచండి. లేదంటే మూడూ తీసేయండి.

బర్క్‌లీకి ఆడిషన్, ఇంటర్వ్యూ రెండూ తప్పవు. ఫీజు, హాస్టలు కలిపితే ఏడాదికి పదుల లక్షలు. పైగా పాశ్చాత్య హార్మనీ, స్టాఫ్ నొటేషన్ తెలియకుండా వెళితే మొదటి ఏడాదంతా తంటాలు పడాలి. నిజంగా అటే వెళ్లాలనుంటే ముందు ఇక్కడే లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే సంగీత థియరీ గ్రేడ్ పరీక్షలు కొన్ని రాయించి చూడండి. ఆసక్తి ఏపాటిదో తేలిపోతుంది, ఖర్చూ తక్కువే.

ఇక మిగిలినవి నాలుగు: రాంకోఠి త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, విజయనగరం, చెన్నై కళాక్షేత్ర, ఢిల్లీ యూనివర్సిటీ. అసలు తూకం వీటి మధ్యే. విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. చేతులెత్తి దండం పెట్టాల్సిన చరిత్రే. కానీ మీ అమ్మాయికి రేపు పాఠం చెప్పేది ద్వారం వారు కాదు కదా! అప్లికేషన్ ఫీజు కట్టేముందు ఒక్కో కాలేజీకి ఫోన్ చేయండి. వయొలిన్‌కి ఈ ఏడాది రెగ్యులర్ టీచర్ ఉన్నారా, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నారా? వారానికి ఎన్ని క్లాసులు? ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చెబుతారా, పదిమంది చేత ఒకేసారి వాయించేస్తారా? ఆ టీచర్ కచేరీ ఎక్కడైనా వినొచ్చా? వెబ్‌సైట్‌లో ఇవేవీ ఉండవు. వీలైతే ఆ కచేరీకి గురువుగారిని కూడా తీసుకెళ్లండి. ఆ టీచర్ దగ్గర తన శిష్యురాలు నిలదొక్కుకుంటుందో లేదో ఆయన అరగంటలో చెప్పేస్తారు.

చేతికొచ్చే కాగితం కూడా చూసుకోవాలి. రాంకోఠిలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు. కళాక్షేత్రలో డిప్లొమా, నాలుగేళ్లు. ఢిల్లీలో కర్ణాటక సంగీతంలో బీఏ ఆనర్స్ ఉంది. దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసి, ఆపైన వాయించి చూపాలి. కేంద్రీయ విద్యాలయంలో సంగీతం టీచరు పోస్టుకు సంగీతంలో డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ అడుగుతారు. యూనివర్సిటీలో చెప్పాలంటే ఎంఏ, యూజీసీ నెట్ పరీక్ష వరకూ వెళ్లాలి. కచేరీలకు, స్టూడియో రికార్డింగులకు మాత్రం కాగితం ఎవరూ అడగరు.

వాళ్లమ్మగారి బీటెక్ సంగతి. నాకు బీటెక్‌తో పేచీ లేదు, కాలేజీ బస్సుతోనే పేచీ. ఘట్‌కేసర్ అవతలో, ఇబ్రహీంపట్నం దగ్గరో సీటొస్తే పొద్దున్నే బస్సెక్కి, చీకటిపడే వేళకు ఇల్లు చేరాలి. సాధన అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఈఏపీసెట్ రాయనివ్వండి, కౌన్సెలింగ్‌లో మాత్రం ఇంటికి గంట దాటిన కాలేజీని ఆప్షన్‌గా పెట్టకండి. డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ దోస్త్‌లో నగరం నడిబొడ్డున ఏదైనా డిగ్రీ కాలేజీ తీసుకుని, పక్కనే రాంకోఠిలో సంగీతం చేయడం నా దృష్టిలో ఇంకా మంచి దారి. సుల్తాన్‌బజార్ మెట్రోలో దిగితే కాలేజీ దగ్గరే. గురువుగారిని వదలక్కర్లేదు కూడా, చిక్కడపల్లి అదే లైన్లో ఉంది. రెండు చోట్లా క్లాసుల వేళలు ఢీకొనకుండా చూసుకోండి.

మొత్తం మీద నేనైతే ఢిల్లీ, కళాక్షేత్ర, రాంకోఠి, దోస్త్ ఉంచుతాను. విజయనగరం మీరు చేసే ఫోన్‌ని బట్టి.

ఆడిషన్‌కి ఒక అట తాళ వర్ణం రెండు కాలాల్లో (వేగాల్లో), ఒక రాగం ఆలాపన, ఆ రాగంలోనే కృతి, కాసిని కల్పన స్వరాలు సిద్ధం చేసుకోమనండి. మధ్యలో ఆపి, తాళం వేస్తూ పాడమనొచ్చు, కృతిలోని ఏదో సంగతి వినిపించి వెంటనే వాయించమనొచ్చు. గురువుగారి ముందు అలవాటే గానీ, కొత్త మనుషుల ముందు ఇది చేతకాదు. బంధువుల ఇళ్లలో వాయించినప్పుడు ఎవరినైనా మధ్యలో ఆపమనండి. వీడియో అడిగితే రెండు చేతులూ కనిపించేలా ఒకే టేకులో తీయండి. ఎడిట్ చేసింది ఇట్టే తెలిసిపోతుంది.

పద్దెనిమిది నిండగానే కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కి పెట్టించండి. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు రూ. 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి, మీ అమ్మాయికి ఆ లోటు లేదు. దానికి గురువుగారి సంతకం అవసరమవుతుంది, ఆ కాగితం ఇప్పుడే రాయించి పెట్టుకోండి.