చెవి ఒప్పుకుంటేనే లోపలికి

పోయిన నెల ఈ శీర్షికలో చెవిలో చీము గురించి రాస్తూ, మాటవరసకి మేము సెలవులకి అండమాన్ పోయి స్కూబా డైవింగ్ (వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునగడం) చేసొచ్చామని ఒక్క వాక్యం రాశాను. చీము సంగతి ఎవరికీ పట్టలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ సముద్రం గురించే. నెల్లూరు పొగతోటలో నా క్లినిక్‌కి దగ్గు మందు కోసం వచ్చినవాళ్లు కూడా పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి "లోపల ఊపిరి ఎట్టా ఆడుతుంది మేడమ్?" అంటున్నారు. సరే, ఈ నెల పేజీ మొత్తం దానికే. నేను డైవింగ్ నేర్పే మనిషిని కాను, చెవి ముక్కు గొంతు డాక్టర్ని. కాబట్టి జవాబులన్నీ తిరిగి తిరిగి చెవి దగ్గరికే వస్తాయి. ఏమనుకోకండి.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్తే. మాకు మొన్న మాఘంలో పెళ్లయింది. మావారు మూడు రాత్రుల అండమాన్ ప్యాకేజీ మాట్లాడారు. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్, రెండో రోజు హేవ్‌లాక్. మూడో రోజు పొద్దున ఎలిఫెంట్ బీచ్, మధ్యాహ్నం స్కూబా, సాయంత్రం ఫెర్రీలో వెనక్కి. నాలుగో రోజు పొద్దున ఏడున్నరకి చెన్నై ఫ్లైట్. నాకు ఈత రాదు. చిన్నప్పుడు ఎడమ చెవిలో చీము కారేది, ఇప్పుడు లేదు. తలకి పోసుకునేటప్పుడు మా అమ్మ ఇప్పటికీ చెవిలో దూది పెట్టుకోమంటుంది. నేను దిగొచ్చా? మావారేమో ఏం కాదులే అంటున్నారు.
(ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: ఈత సంగతి వదిలెయ్ తల్లీ. మొదటిసారి దిగేవాళ్లకి చేయించే డైవ్‌కి ఈత రావాలని లేదు. ఇన్‌స్ట్రక్టర్ నీ వెనకే ఉండి, నీ సిలిండర్ పట్టుకుని, ఎంత లోతుకి పోవాలో తనే చూసుకుంటాడు. 12 మీటర్లు దాటనివ్వరు. 200 మీటర్లు ఈదడం, పది నిమిషాలు తేలడం లాంటి పరీక్షలు సర్టిఫికెట్ కోర్సు చేసేవాళ్లకి.

మీ అమ్మ దూది మాట మాత్రం తీసిపారెయ్యొద్దు. చీము ఆగిందంటే చిల్లు పూడిందని కాదు. కర్ణభేరికి చిల్లు అట్టాగే ఉండి, ఏళ్ల తరబడి పొడిగా ఉన్న చెవుల్ని నేను రోజూ చూస్తుంటా. అట్టాంటి చెవితో మునిగితే చల్లటి నీళ్లు ఆ చిల్లులోంచి మధ్య చెవిలోకి పోతాయి. ఒక పక్క చెవి మాత్రమే లోపల చల్లబడేసరికి తల గిర్రున తిరుగుతుంది. గట్టు మీదైతే గోడ పట్టుకుని కూలబడతాం. నీళ్లలో పైనేదో కిందేదో తెలియదు, దానికి తోడు నోట్లో గొట్టం ఉండగా వాంతి. కాబట్టి డబ్బు కట్టేముందు చెవి చూపించుకో. నా దగ్గరికే రానక్కర్లేదు, కావలిలోనే చూపించుకో, రెండు నిమిషాల పని. చిల్లుంటే ఈ ట్రిప్పులో డైవ్ లేదు. ఆపరేషన్ చేయించుకుని, అది బాగా మానాక అప్పుడు మళ్లీ చూద్దాం.

చిల్లు లేదనుకో, అప్పుడు నేర్చుకోవాల్సింది ఒకటే. నేల మీద మనల్ని గాలి ఎంత నొక్కుతుందో, సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ అంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. 10 మీటర్ల లోతులో మధ్య చెవిలో గాలి సగానికి కుంచించుకుపోయి, కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది. ఆ వెలితి నింపడానికి ఉన్న దారి ముక్కు వెనకనుంచి చెవికి పోయే సన్నటి గొట్టం, యూస్టేషియన్ ట్యూబ్ అంటాం. జనం పెద్ద లోతుకి భయపడతారు గానీ, చెవిని ఏడిపించేది మొదటి మూడు నాలుగు మీటర్లే. మార్పు అక్కడే ఎక్కువ.

ఇది చదువుతూనే చేసి చూడు. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి ఊదు. రెండు చెవుల్లోనూ టప్పుమనాలి. ఇటలీకి చెందిన వల్సాల్వా అనే ఆయన 1704లోనే ఈ పద్ధతి రాసిపెట్టాడు. ఆయన చెప్పింది చెవిలో చీము బయటికి తోయడానికి, వాడుకుంటున్నది డైవర్లు. నీళ్లలో తల మునగ్గానే ఒకసారి, ఆ తర్వాత గజానికొకసారి ఊదుతూ దిగాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. చెవి తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి లేచి మళ్లీ ప్రయత్నించు. బలం పెట్టి ఊదావంటే లోపలి చెవి దెబ్బతింటుంది, ఆ వినికిడి మళ్లీ వస్తుందని నేను మాట ఇవ్వలేను.

చెవి పట్టేస్తే చెవి వైపు వేలు చూపించి, అరచెయ్యి అటూ ఇటూ ఊపు. బొటనవేలు మాత్రం ఎత్తొద్దు. నీళ్లలో దానర్థం పైకి పోదాం అని. బాగుంది అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. మా ఆయన తొలిసారి దిగినప్పుడు చేపల్ని చూసి సంబరంగా బొటనవేలు ఎత్తాడు, వెంటనే పైకి తెచ్చేశారు.

ఇక ఫ్లైట్. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది, మెల్లగా బయటికి పోవాలి. విమానం లోపల గాలి ఒత్తిడి దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే. ఒంట్లో నైట్రోజన్ ఉండగా అక్కడికి ఎక్కితే అది బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. మీ ప్యాకేజీ లెక్క ఒక్క డైవ్‌కి సరిపోతుంది. కానీ కొత్త పెళ్లికొడుకు గదా, బాగుంది ఇంకోటి చేద్దాం అంటాడు, అప్పుడు సరిపోదు. స్కూబాని మూడో రోజు పొద్దునకి జరపమని చెప్పు. దానికోసం ఎలిఫెంట్ బీచ్ వదులుకున్నా నష్టం లేదు. ఆ రాత్రి మందు పార్టీ కూడా వద్దను.

ఇంకో మాట. హేవ్‌లాక్‌కి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అని పేరు, పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీవిజయపురం చేశారు. టికెట్ల మీద ఏ పేరున్నా కంగారు పడకండి.

ప్రశ్న: మేడమ్, నాకు జలుబు తొందరగా పట్టుకుంటుంది. ముక్కులో చుక్కలు వేసుకుని దిగితే పోలా?
(డిగ్రీ విద్యార్థి, నెల్లూరు)

జవాబు: పోదు నాయనా. చుక్కలు వేసుకుంటే ముక్కు తెరుచుకుంటుంది, దిగేటప్పుడు బాగానే ఉంటుంది. లోపల ఉండగా మందు ప్రభావం తగ్గిందనుకో, పైకి వచ్చేటప్పుడు మధ్య చెవిలో గాలి వ్యాకోచించి, బయటికి పోయే దారి లేక ఇరుక్కుంటుంది. దిగేటప్పుడు నొప్పొస్తే వెనక్కి తిరగొచ్చు. పైకి రాకుండా నీళ్లలోనే ఉండిపోలేం గదా.

మొన్న ఎండాకాలంలో నీ ఈడు కుర్రాడే ఒకడు వచ్చాడు. జలుబుతోనే దిగాడు, ఎందుకంటే కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారట. చెవిలో లైటు వేసి చూస్తే కర్ణభేరి వెనక ముదురు ఎరుపు, నెత్తురు గూడుకట్టి ఉంది. మాత్రలతో, ఓపికతో వారాల తర్వాత తగ్గింది. ట్రిప్పులో మిగిలిన రోజులన్నీ హోటల్ గదిలో చెవి పట్టుకుని కూర్చున్నాడు. బుక్ చేసేటప్పుడే జలుబొస్తే డబ్బు వెనక్కిస్తారా, రోజు మారుస్తారా అని అడుగు. దేనికీ ఒప్పుకోకపోతే ఇంకో డైవ్ సెంటర్ చూసుకో.

ప్రశ్న: మా పెద్దవాడు దుబాయ్‌లో ఉంటాడు. సంక్రాంతికి మమ్మల్ని మాల్దీవులకి తీసుకుపోతానంటున్నాడు. రిసార్టులో స్కూబా ఉందంట. మావారికి 58 ఏళ్లు, షుగరూ బీపీ ఉన్నాయి, మాత్రలు వాడతారు. సిగరెట్లు ఈ మధ్యే మానేశారు. ఫారంలో అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెడితే సరిపోద్ది అని తండ్రీ కొడుకులు ఫోన్‌లో అనుకుంటుంటే విన్నాను.
(ఒక గృహిణి, ఒంగోలు)

జవాబు: విని మంచి పని చేశారమ్మా. ఆ ఫారం రిసార్టు వాళ్ల కోసం కాదు, మీవారి గుండె కోసం. డైవింగ్‌లో పోయే ప్రాణాల్లో పెద్ద భాగం గుండె వల్లే. 45 దాటినవాళ్లని సిగరెట్టు, బీపీ, కొలెస్ట్రాల్ గురించి విడిగా అడిగేది అందుకే. ఒక్కదానికి 'ఉంది' అని రాసినా డాక్టర్ సంతకం అడుగుతారు. అడగనీయండి. ఒంగోలులోనే గుండె డాక్టర్ దగ్గర ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, వాడే మాత్రలన్నీ చూపించండి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ని ఉన్నట్టుండి దించేసే మాత్రలు గానీ వాడుతుంటే జాగ్రత్త. నీళ్లలో చెమట పట్టిందో లేదో తెలియదు, వణుకు చలికో షుగర్‌కో తెలియదు. అన్నీ అదుపులో ఉండి డాక్టర్ ఒప్పుకుంటే దిగొచ్చు, వయసొక్కటే అడ్డం కాదు.

ఒప్పుకోకపోతే, ఒడ్డు పక్కనే పగడపు దిబ్బ ఉన్న రిసార్టు చూడమనండి మీవాణ్ణి. జెట్టీ మీద నిలబడినా చేపలు కనబడతాయి. దుబాయ్ నుంచి సీసాలు పట్టుకు రావద్దని కూడా చెప్పండి, మాల్దీవుల విమానాశ్రయంలో తీసి పక్కన పెట్టేస్తారు.

ప్రశ్న: నేను రొయ్యల సాగు చేస్తాను. చెరువులో ఆక్సిజన్ తగ్గితే మాకు నిద్ర ఉండదు. ఆ సిలిండర్లో ఆక్సిజన్ ఎన్ని గంటలు వస్తది? అండమాన్ దాకా ఎందుకు, మన మైపాడులోనే దిగితే కాదా?
(ఆక్వా రైతు, ఇందుకూరుపేట)

జవాబు: అన్నా, అందులో ఉండేది ఆక్సిజన్ కాదు. మీరూ నేనూ పీల్చే మామూలు గాలే, వడకట్టి కుక్కుతారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఆరు మీటర్లు దాటితే విషమే, ఫిట్స్ వస్తాయి. మామూలుగా ఇచ్చే అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల చోటుంటుంది. 200 బార్ల ఒత్తిడితో, అంటే నేల మీద గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి. గంటల్లెక్క చెప్పలేం, ఎందుకంటే 10 మీటర్ల లోతులో ప్రతి శ్వాసకీ పైనకంటే రెట్టింపు గాలి ఖర్చవుతుంది. భయపడి ఎగపీల్చేవాళ్లకి ఇంకా తొందరగా అయిపోతుంది. తొలిసారి వాళ్లని మామూలుగా అరగంట అటూ ఇటూ తిప్పి తెచ్చేస్తారు. గాలి పొదుపు చేద్దామని ఊపిరి బిగబట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి చిట్లిపోతాయి.

మైపాడు సంగతి మీకే బాగా తెలుసు. పక్కనే పెన్న కలుస్తుంది, ఒండ్రు తెస్తుంది. అడుగంతా ఇసక, బురద, దాన్ని అలలు కలియబెడుతూనే ఉంటాయి. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. పగడాలకి తేటనీళ్లు కావాలి, మీద మట్టి పడితే చచ్చిపోతాయి. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లోనే ఉన్నాయి. మైపాడుకి ఆదివారం పోయి రండి, లోపలికి మాత్రం పోకండి, అక్కడి లాగుడు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు చెప్పనక్కర్లేదు.

మీరు రొయ్యల మనిషి కాబట్టి ఒకటి చెప్పాలి. హేవ్‌లాక్‌లో నీమో రీఫ్ అని ఒడ్డునుంచే నడుచుకుంటూ దిగే చోటుంది. ముందు నడుములోతు నీళ్లలో నిలబెట్టి, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకోవడం, మాస్కులోకి వచ్చిన నీళ్లని ముక్కుతో ఊది తోసెయ్యడం నేర్పారు. తర్వాత నెమ్మదిగా కిందికి. లోపల నిశ్శబ్దం ఉంటుందనుకున్నా. తాలింపులో ఆవాలు పేలినట్టు చుట్టూ ఒకటే చిటపట. నా చెవులకే ఏదో అయిందనుకుని రెండుసార్లు ముక్కు మూసి ఊదాను. పైకి వచ్చి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగితే "రొయ్యలు" అన్నాడు. దిబ్బ సందుల్లో వేలెడంత కూడా ఉండని రొయ్య, ఒక పెద్ద కొండిని టక్కున మూస్తుంది. ఆ వేగానికి నీళ్లలో బుడగ పుట్టి పగులుతుంది, ఆ శబ్దమే ఇది. మీ చెరువులో వనామీలు అట్టా అరవవు లెండి.

శంఖమనో, పగడపు ముక్కనో పిల్లలకి తెద్దామని సంచిలో వేసుకోకండి. పగడాలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి, విమానాశ్రయంలో పట్టుకుంటే కేసే.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. మాతో పాటు దింపొచ్చా?
(ఒక తండ్రి, కందుకూరు)

జవాబు: సముద్రంలోకి పదేళ్లు నిండేదాకా తీసుకోరు. పిల్లల చెవి గొట్టం సన్నగా, అడ్డంగా ఉంటుంది, తొందరగా పట్టేస్తుంది. ఇప్పటికి లైఫ్ జాకెట్ వేసి, మాస్కు పెట్టి నీళ్ల మీదే తేలనీయండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన పోస్ట్‌మాస్టర్ని. రెండు చెవులకీ మిషన్లు వాడతాను. మా అల్లుడు అండమాన్‌లో ఉద్యోగం, రమ్మంటున్నాడు. వినపడనివాణ్ణి దింపుతారా?
(ఒక పాఠకుడు, కొత్తపట్నం)

జవాబు: వినపడకపోవడం అడ్డం కాదు మాస్టారూ. లోపల మాటల్లేవు, అందరూ చేతి సైగలే, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి చూడ్డం అలవాటైతే చాలు. వినికిడి ఎందుకు తగ్గిందన్నది మాత్రం చూడాలి. వయసుతో తగ్గితే ఒక దారి, చెవికి ఆపరేషన్ అయి ఉంటే ఇంకో దారి. లోపలి ఎముక తీసేసిన ఆపరేషన్ అయితే నేను వద్దంటాను. పాత కాయితాలుంటే తీసుకుని ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి, గుబిలి ఉంటే ప్రయాణానికి ఒక వారం ముందే తీయించుకోండి. వెల్లుల్లి కాచిన నూనె పోసుకోవద్దు. చెవిలో బిరడాలు, దూది పెట్టుకుని దిగకూడదు. దిగేముందు నేర్పే పాఠం మొత్తం మిషన్లు పెట్టుకునే వినండి, ఆ తర్వాత తీసి, బ్యాటరీ తలుపు తెరిచి, గట్టి డబ్బాలో మీ అల్లుడి చేతికివ్వండి. పడవ మీద ఎండలో వదిలేస్తే పాడవుతాయి.