నేను పుట్టకముందు జరిగినది నాకెందుకు?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సోషల్‌లో హిట్లర్ కాలంలో యూదుల్ని చంపిన పాఠం చదివిన రాత్రి సరిగా నిద్రపోలేదు. "ఎక్కడో, నేను పుట్టకముందు జరిగినది నాకెందుకమ్మా?" అంటోంది. మార్కుల కోసమని చెప్పడానికి మనసొప్పలేదు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, మార్కుల కోసమని చెప్పనందుకు మీకు నమస్కారం. పాపకు నిద్ర పట్టలేదంటే పాఠం మనసు పెట్టి చదివిందన్నమాట. జర్మనీ దూరమనిపిస్తే చీరాల పక్కనున్న కారంచేడు గురించి చెప్పండి. మీకు దగ్గరే.

1985 జులై 16. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు గేదెల్ని కడుగుతున్నారు. మురికంతా నీళ్లలోకే పోతోంది. ఒక అబ్బాయి వద్దన్నాడు. అతన్ని కొడుతుంటే నీళ్లకొచ్చిన ఒకామె అడ్డుపడింది. తన మీదికి చెర్నాకోల ఎత్తితే, చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే. మర్నాడు కమ్మవాళ్లు గొడ్డళ్లు, బరిసెలతో గుంపులుగా పల్లె మీద పడ్డారు. పొలాల్లోకి పరుగెత్తినవాళ్లను తరిమి ఆరుగురిని చంపారు. ఆడవాళ్లను చెరిచారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

నేనప్పుడు చీరాలలో చదువుకుంటున్నాను. స్నేహితుడితో కలిసి పాత బట్టల మూట మోసుకుని ఆ శిబిరానికి వెళ్లాను. ఒక పిల్లాడు మూట అందుకుంటూ, "మీదే ఊరన్నా?" అన్నాడు. ఊరు చెబితే తర్వాత ఇంటిపేరు అడుగుతాడని భయం వేసింది. మాదీ కమ్మ కులమే. చెప్పకుండా వచ్చేశాను. ఇంటికెళ్తే నాన్న గొంతు తగ్గించి, "మనవాళ్లు చేసింది తప్పేరా. కానీ నువ్వు ఎక్కడా అనకు" అన్నారు.

మా నాన్న చెడ్డమనిషి కాదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. యూదుల్ని రైళ్లెక్కించాక హాంబర్గ్‌లో వాళ్ల బల్లలు, దుప్పట్లు వేలం వేస్తే కొనుక్కున్నదీ మామూలు సంసారులే. గొడ్డలి పట్టినవాళ్లు ఊళ్లో కొందరే ఉంటారమ్మా. "ఎక్కడా అనకు" అనేవాళ్లే ఎక్కువ.

కారంచేడు బాధితులు మాత్రం ఊరుకోలేదు. చీరాల శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టంలో, దళితులు వాడుకునే నీళ్లను పాడుచేయడం కూడా నేరమని రాశారు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో గానీ రాలేదు. ఇరవైమూడేళ్లు!

ఇదంతా మా అమ్మాయికి చెప్పినప్పుడు, "మరి మీరు ఎక్కడైనా అన్నారా నాన్నా?" అని అడిగింది. అనలేదు. ఇలా అచ్చులో చెప్పడం ఇదే మొదటిసారి.

ఆ పాఠం పాపతో కలిసి మళ్లీ చదవండి. ఈసారి, పక్కింటివాళ్లు ఏం చేస్తున్నారో చూడమనండి. తర్వాత తీరిగ్గా, వాళ్ల క్లాసులో ఎవరి బాటిల్‌లో నీళ్లు మిగతావాళ్లు తాగరో అడగండి. ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి.