పిల్లికి నయం కాని జబ్బు: పీపీఎఫ్ తీయాలా, అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, చేతికి 38,000 వస్తుంది. ఇంట్లో నేను, 58 ఏళ్ల అమ్మ, రెండు పిల్లులు. అద్దె 9,500, ఇంటి ఖర్చు 13,000, స్కూటీ ఈఎంఐ 3,100, అమ్మ బీపీ, షుగర్ మందులకి 2,200, పీపీఎఫ్‌కి 3,000, చిట్టీకి 2,000, పిల్లుల తిండికీ ఇసుకకీ 2,200. రెండు నెలల క్రితం మా బుజ్జి (మూడేళ్లు, ఆడపిల్లి) జ్వరంతో తిండి మానేస్తే నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు, కిట్ పరీక్షలో ఫెలైన్ ల్యుకేమియా (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ జబ్బు) అని తేలింది. ఆ బిల్లు క్రెడిట్ కార్డు మీద పెట్టాను, ఇంకా 28,000 ఉంది, నెలకు 1,400 కడుతున్నాను. ఇప్పుడు ఇమ్యూనిటీ ఇంజెక్షన్ల కోర్సు 45,000 అంటున్నారు. ఎఫ్‌డీ 90,000 ఉంది, పీపీఎఫ్ మొదలుపెట్టి నాలుగేళ్లు అయింది. అమ్మ తన గాజులు తాకట్టు పెట్టమంటోంది. అన్నయ్య ఎక్కడైనా చేపల మార్కెట్ దగ్గర వదిలేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్య మాట సంగతి తేల్చేద్దాం. పెంచిన జంతువును ఆకలికీ బాధకీ వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. పైగా ఈ వైరస్ ఉమ్మి ద్వారా, ఒకదాన్నొకటి నాకడం ద్వారా, కాట్ల ద్వారా పాకుతుంది, కాబట్టి మార్కెట్ దగ్గర వదిలితే అక్కడున్న పిల్లులన్నిటికీ అంటించినట్టే. మనుషులకు మాత్రం ఇది రాదు, అమ్మకి భయం అక్కర్లేదని చెప్పండి. ఇంట్లో పెట్టుకుని చూసుకోవాల్సిందే, దానికి డబ్బు ఎలా సర్దాలన్నదే మన లెక్క.

మీరు 45,000 గురించి అడిగారు గానీ నన్ను కంగారు పెట్టింది కార్డు మీది 28,000. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే 980, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 176. అంటే మీరు కట్టే 1,400లో 1,156 వడ్డీకే పోయి, అసలులో తగ్గేది 244 రూపాయలు. కొత్తగా ఒక్క రూపాయి గీకకుండా ఇలాగే కట్టుకుంటూ పోతే అప్పు తీరడానికి దాదాపు మూడున్నరేళ్లు పడుతుంది. ఈ జబ్బు బయటపడ్డాక పిల్లులు సుమారు రెండున్నరేళ్లు ఉంటాయని పశువైద్యులు చెబుతారు. కొన్ని అంతకన్నా ఎక్కువే ఉంటాయి, మీ బుజ్జి కూడా ఉండాలనే నా కోరిక. కానీ పిల్లి పోయాక కూడా దాని సెలైన్ బిల్లు ఇంకా కట్టుకుంటూ కూర్చునే పరిస్థితి మీకు రాకూడదు.

అందుకే ఈ వారమే ఎఫ్‌డీ తీయండి. దాని మీద వచ్చే ఆరేడు శాతం కోసం కార్డుకి 42 శాతం కట్టడంలో అర్థం లేదు. గడువు ముందు తీస్తే వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, కోయనివ్వండి. 28,000 కార్డుకి కట్టేస్తే 62,000 మిగులుతుంది. అందులో 42,000 మళ్లీ ఎఫ్‌డీ వేయండి, అది మీకూ అమ్మకీ, దాని జోలికి పిల్లి కోసం కూడా వెళ్లకూడదు. మిగతా 20,000 బుజ్జి కోసమని వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఒకే ఖాతాలో కలిపేస్తే ఏది ఎవరిదో రాత్రి పదకొండింటికి క్లినిక్ కౌంటర్ దగ్గర గుర్తుండదు.

కార్డు తీరిపోయాక మీకు నెలకు 3,000 మిగులుతుంది. అందులో 2,000 బుజ్జి ఖాతాకి, జీతం పడిన మర్నాడే వెళ్లిపోయేలా ఆటో డెబిట్ పెట్టండి. వెయ్యి మీ ఎఫ్‌డీ పెంచుకోవడానికి. ముప్ఫై నెలలకి ఆ 2,000లే 60,000, ముందు పెట్టిన 20,000 కలిపితే 80,000. ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా, ఏదీ తాకట్టు పెట్టకుండా మీరు బుజ్జికి ఇవ్వగలిగింది అంత. తక్కువేం కాదు. కానీ మీరు దాటకూడని గీత కూడా అదే. ఆ అంకె ఇవాళ, బుజ్జి ఒళ్లో పడుకుని బాగానే ఉన్నప్పుడే కాగితం మీద రాసి అమ్మకి చూపించండి. పిల్లి ఎగశ్వాస తీస్తున్నప్పుడు ఎవరికీ లెక్కలు తోచవు, డాక్టరు ఏది చెబితే దానికి తలూపుతాం. అలా తలూపి రెండు మూడు లక్షల అప్పులో పడినవాళ్లు నా దగ్గరకి వచ్చారు, వాళ్లలో ఎవరూ ప్రేమ ఎక్కువై తప్పు చేసినవాళ్లు కారు, ముందుగా అంకె అనుకోకపోవడం వల్ల ఇరుక్కున్నవాళ్లు.

ఇక ఆ 45,000 కోర్సు. నేను డాక్టర్ని కాదు, వేయించవద్దని చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఆ వైరస్‌ని ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు ఇప్పటికైతే లేదు, ఇది పశువైద్యులే ఒప్పుకునే మాట. కాబట్టి డబ్బు కట్టేముందు డాక్టరు గారిని మర్యాదగానే నిలదీయండి: ఈ కోర్సు దేనికి పనిచేస్తుంది, పనిచేసిందని ఏ పరీక్షలో తెలుస్తుంది, ఎన్నాళ్లకి మళ్లీ వేయించాలి? సూటిగా జవాబు వస్తే ఆలోచిద్దాం, రాకపోతే మీ పదిహేను నెలల మిగులు దాని మీద పెట్టకండి.

దానికన్నా ముందు చేయించాల్సింది రెండో పరీక్ష. క్లినిక్‌లో కొన్ని చుక్కల రక్తంతో చేసేది త్వరగా తేల్చే కిట్, అది ఒక్కోసారి పొరపాటు చూపిస్తుంది. నిజంగా వైరస్ ఉన్నా, కొన్ని పిల్లుల్లో ఒళ్లు దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది, అవి ఏళ్ల తరబడి మామూలుగానే తిరుగుతాయి. ల్యాబ్‌కి పంపి చేసే పీసీఆర్ పరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టర్ని అడిగి, బుజ్జి ఖాతాలోంచి మొదటి ఖర్చు దానికే పెట్టండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే, వెళ్లేముందు ఫోన్ చేసి ఏ పరీక్షలు అక్కడ చేస్తారో కనుక్కోండి. అలాగే రెండో పిల్లికి పరీక్ష తప్పనిసరి. మీరు దాని గురించి ఒక్క మాటా రాయలేదు. ఫలితం వచ్చేదాకా తిండి గిన్నె, నీళ్ల గిన్నె, ఇసుక ట్రే వేరు చేయండి, కుదిరితే గది కూడా. ఈ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, మామూలు సబ్బుతో కడిగితే చాలు, వందల రూపాయల స్ప్రేలు కొనక్కర్లేదు.

పీపీఎఫ్ ముట్టుకోకండి. అసలు నాలుగేళ్లకి తీయనివ్వరు కూడా, ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం తర్వాత ఐదేళ్లు నిండాలి. ఆ ఐదేళ్లు నిండాక ప్రాణాంతకమైన జబ్బు కారణంతో గడువు ముందే మూసే వీలుంది గానీ అది మీకూ, మీ జీవిత భాగస్వామికీ, మీ మీద ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ మాత్రమే. చిట్టీ కూడా తొందరపడి పాడకండి, ఎంత తక్కువకి పాడితే అంత నష్టం. ఇక గాజులు. అమ్మ ఎంత ప్రేమతో ఇస్తానంటోందో నాకు అర్థమవుతోంది, కానీ బంగారం తాకట్టు ఒక్కసారి వచ్చిపడే ఖర్చుకి పనికొస్తుంది, నెలనెలా ఉండే ఖర్చుకి కాదు. నెల ఖర్చు నెల జీతంలోంచే రావాలి, రాకపోతే ఖర్చే తగ్గాలి.

ఎక్కడ తగ్గుతుందంటే, తిండి దగ్గర కొంత. ప్యాకెట్ తిండి మీద 18 శాతం జీఎస్టీ ఉంది. చికెన్ ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి కొంచెం అది, ఎక్కువ భాగం ప్యాకెట్ కలపొచ్చు. ఒట్టి చికెన్‌తో మాత్రం సరిపెట్టకండి, పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన టారిన్ అనే పోషకం అందులో చాలదు. పచ్చి మాంసం, పచ్చి చేప, పచ్చి గుడ్డు వద్దు, రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లికి వాటిలోని క్రిములే పెద్ద బిల్లు తెచ్చిపెడతాయి. కూరలో ముక్క కడిగి పెట్టే అలవాటు ఉంటే మానేయండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఈ జబ్బులో అసలే రక్తం తగ్గుతుంది. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ ముక్క వేయడం మరీ ప్రమాదం, ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

ఇంట్లో మీరు చేయగలిగిన, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ప్రతి ఆదివారం పొద్దున బుజ్జిని ఎత్తుకుని బరువు మెషీన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా ఒక నోట్‌బుక్‌లో రాయండి. పై పెదవి కొంచెం ఎత్తి చిగుళ్లు చూడండి, గులాబీ రంగులో ఉండాలి, తెల్లబడుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి. ఒక రోజంతా ఏమీ తినకపోయినా అంతే, రెండు మూడు రోజులు చూద్దాంలే అనుకుంటే కాలేయం దెబ్బతింటుంది, ఈసారి మీకు నాలుగు రోజుల సెలైన్ అయింది అలాంటి ఆలస్యం వల్లే కావచ్చు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, అదీ బుజ్జి ఖాతాలోంచే. బయటికి వదలకండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కాకపోయి ఉంటే ఎప్పుడు చేయించవచ్చో అడగండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. పిల్లులకు పాలసీలు ఉన్నాయి, అయితే ముందే బయటపడిన జబ్బుకి డబ్బు ఇవ్వరు, బుజ్జికి ఆ దారి మూసుకుపోయింది. ఆరోగ్య బీమాకూ వైద్య ఖర్చుకూ ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు కూడా జంతువుల వైద్యానికి రాదు. నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించింది వేరే. షుగర్, బీపీ ఉన్న అమ్మకి హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. కాలేజీలో గ్రూప్ పాలసీ ఉంటే తల్లిదండ్రుల్ని చేర్చుకునే వీలుందేమో రేపే అడగండి. లేకపోతే విడిగా తీసుకోండి, ఉన్న జబ్బులకి ఆగాల్సిన కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే, వ్యక్తిగత హెల్త్ పాలసీ ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఆ ప్రీమియానికి మీ నెల వెయ్యి చాలకపోతే బుజ్జి 2,000లోంచి ఐదు వందలు అటు మళ్లించినా తప్పు లేదు.

రాయడానికి కష్టంగా ఉన్న మాట ఒకటి మిగిలింది. బుజ్జి ఖాతాలో ఐదు వేలు ఎప్పుడూ కదపకుండా ఉంచండి. చివరి రోజుల్లో నొప్పికి మందులకీ, ఇక తట్టుకోలేదని డాక్టరు చెబితే బాధ లేకుండా నిద్రపుచ్చడానికీ, తర్వాత పూడ్చిపెట్టే ఏర్పాట్లకీ. ఆ రోజు డబ్బు లేదన్న కారణంతో అది ఒక్క పూట కూడా ఎక్కువ నొప్పి పడకూడదు, అలాగే డబ్బు ఉంది కదా అని ఇంకో వారం సూదులు పొడిపించకూడదు. ఏ గుర్తులు కనిపిస్తే ఆపేయాలో డాక్టర్ని ఇప్పుడే అడిగి అదే నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి.

ఎఫ్‌డీ తీశాక కార్డు బాకీ మొత్తం ఆ రోజు వరకూ వడ్డీతో సహా ఎంతో యాప్‌లో చూసి కట్టండి, 28,000 అని ఉజ్జాయింపుగా కడితే ఏదో కొంత మిగిలి మళ్లీ వడ్డీ మొదలవుతుంది. రెండో పిల్లి పరీక్ష ఫలితం రాగానే నాకు రాయండి. నెగెటివ్ వస్తే దానికి పాలసీ తీసుకోవాలా, ఆ డబ్బే పక్కన పెట్టుకోవాలా అన్నది అప్పుడు లెక్కేసి చెబుతాను.