గులాబీ టైల్స్ బాత్రూమ్‌ను పగలగొట్టకుండానే అమ్మకానికి సిద్ధం చేయవచ్చు

న్యూజెర్సీలో 1955లో కట్టిన ఇంటిని అమ్మే ముందు గులాబీ టైల్స్ బాత్రూమ్‌ను పూర్తిగా మార్చాలా, లేక ఏజెంటు చెప్పినట్టు టైల్స్‌పై పెయింట్ వేయించాలా అని అడిగారు. టైల్స్ గట్టిగా, పగుళ్లు లేకుండా ఉంటే రెండూ వద్దనే నా సలహా. ఆ కాలపు గోడ టైల్స్‌ను చాలా ఇళ్లలో ఇనుప జాలీపై మందంగా వేసిన సిమెంటు పూతలో అమర్చారు కనుక, వాటిని తొలగించే కూలి ఖర్చు అమ్మకపు ధరలో తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. పెయింటేమో, నీళ్లు పడే చోట పెచ్చులుగా లేచి, ఏదో దాస్తున్నారన్న అనుమానాన్ని కొనేవారిలో కలిగిస్తుంది.

ముందుగా టైల్స్ మధ్య సందుల్లో నింపిన, నల్లబడిన గ్రౌట్‌ను గీకించి కొత్తది నింపించండి; టబ్బు చుట్టూ నీరు దిగకుండా అంచుల్లో వేసిన పాత సిలికాన్‌ను మొత్తం తీసివేసి తెల్లది వేయించండి. గది రూపాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఈ పనే. తరువాత అద్దం, దీపం, కుళాయిలు మార్చి, టైల్స్ పైనున్న గోడకు మీగడ తెలుపు వేయించండి. అయితే 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి పాత రంగులో సీసం ఉండవచ్చు, పరీక్షించకుండా గీకించవద్దు. దాని గురించి మీకు తెలిసినది కొనుగోలుదారుకు లిఖితపూర్వకంగా తెలియజేయడం అమెరికా చట్టం ప్రకారం తప్పనిసరి కూడా. టబ్బు మెరుపు పోయి ఉంటే, దానికొక్కదానికి మాత్రం అనుభవజ్ఞులతో రీగ్లేజింగ్, అంటే కొత్త మెరుపు పూత, చేయించవచ్చు.