తాతగారు దాచిన 1983 ప్రపంచకప్ దినపత్రికలకు ఎంత ధర వస్తుంది?

1983 ప్రపంచకప్ నాటి దినపత్రికలూ, 2011 విజయం మీద వచ్చిన ప్రత్యేక సంచికలూ తాతగారి పెట్టెలో దొరికాయనీ, అమ్మితే లక్షలు వస్తాయా అనీ మీరు అడిగారు. 2011 నాటివాటి సంగతి ముందు తేల్చేస్తాను: వాటికి చెప్పుకోదగ్గ ధర రాదు. వాంఖడేలో ధోనీ సిక్సరు కొట్టిన మర్నాడు, అంటే ఏప్రిల్ 3న, మా పాలకొల్లు బస్టాండులో పొద్దెక్కేసరికి పేపరు దొరకలేదు. కొన్నవాళ్లందరూ చదవడానికి ఒకటి, దాచడానికి ఒకటి అన్నట్టు పట్టుకెళ్లారు. అందరి బీరువాల్లోనూ ఉన్నదాన్ని ఎవరు కొంటారు? ‘దాచుకోదగిన సంచిక’ అని పత్రికవాళ్లే పైన అచ్చువేసి అమ్మిన కాగితం మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు.

1983 సంగతి వేరు. ఆ జూన్‌లో మనవాళ్లు గెలుస్తారని ఎవరూ అనుకోలేదు కనుక ఎవరూ దాచాలనుకోలేదు. చదివిన పేపరు కిరాణా కొట్లో పొట్లమైపోయింది. మిగిలినవాటిలో కొన్నిటిని 1986 ఆగస్టు వరదా, మరికొన్నిటిని 1996 నవంబరు తుపానూ తీసుకుపోయాయి. గోదావరి జిల్లాల్లో ఆ రెంటినీ దాటి బయటపడిన కాగితానికి, పట్నంలో దొరికిన ప్రతికన్నా ఎక్కువ అడిగే హక్కు ఉందని నా గట్టి అభిప్రాయం.

అంబాజీపేట దగ్గర మా బంధువుల పెంకుటింట్లో అటక మీది రేకుపెట్టెను దింపినప్పుడు, హైదరాబాదు నుంచి వచ్చిన పాత వస్తువుల వ్యాపారి పక్కన నేను కూడా ఉన్నాను. తుపానునాడు పెంకులు లేచిపోయి వాన లోపల పడిందట. పేపర్ల ఒక అంచున టీ రంగు మరక వంకరగా పాకి ఉంది. అందులో జూన్ 26, 27 తేదీల పేపర్లు రెండూ ఉన్నాయి. వ్యాపారి 27వ తేదీది తీసి, లార్డ్స్ బాల్కనీలో కపిల్ కప్పు పట్టుకున్న ఫొటోను వెలుగుకు ఎత్తి చూశాడు. 26వ తేదీదాన్ని మాత్రం ఇటూ అటూ తిప్పి పక్కన పడేశాడు, ఎందుకంటే అందులో గెలుపు లేదు. భారత్ 183కి ఆలౌటైందనీ, వెస్టిండీస్ ఆట సాగుతోందనీ చెప్పి వార్త అక్కడితో ఆగిపోయింది. ఫైనల్ ముగిసేసరికి మనకు అర్ధరాత్రి అయింది; తెల్లవారుజాము బస్సుకు మన ఊళ్లకు చేరవలసిన కాపీలు అంతకుముందే అచ్చయిపోయాయి.

నా దృష్టిలో ఆ రెండింటిలో విలువైనది అదే. కప్పు ఫొటోను ఇప్పుడు ఎవరైనా తీసి చూసుకోగలరు గాని, రేడియో లేని ఇంట్లో మనిషి ఆ ఆదివారం పొద్దున్న ఫలితం తెలియకుండా చదివిన పేజీ ఇంకెక్కడ దొరుకుతుంది? పైగా దాని మూల, పేపరు వేసే కుర్రాడు నీలం సిరాతో రాసిన ‘మేష్టారు’ అన్న మాట ఇంకా చెదరలేదు. ఏ ఇంటికి వచ్చిన ప్రతో చెప్పే అటువంటి గుర్తును మచ్చగా లెక్కగట్టే వ్యాపారులకు ఈ పని తెలియదని నేను మొహమాటం లేకుండా అంటాను. చివరకు అతను 27వ తేదీదానికి పదిహేను వందలు ఇచ్చి, రెండోదానికి వంద అన్నాడు. నా మాట విని ఇంటివారు దాన్ని అమ్మలేదు.

మీరు ధర అడిగేముందు పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, ఎందుకంటే ఆల్బమ్ కోసం ఎవరో పిల్లవాడు ఆటగాడి బొమ్మ కత్తిరించుకున్న ప్రతికి సగం ధర కూడా రాదు. మడత దగ్గర చిరిగితే చిరిగిందనే చెప్పండి గాని సెల్లోటేపు అంటించకండి. నాలుగేళ్లకు ఆ జిగురు పసుపుపచ్చగా అక్షరాల్లోకి దిగుతుంది. లామినేషన్ చేయించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెక్కగుజ్జుతో చేసిన ఆ కాగితం తనలోని ఆమ్లంతో తానే పెళుసుబారుతుంది, ప్లాస్టిక్‌లో వేడిపెట్టి అతికితే ఇక దాన్ని బాగుచేసే దారే ఉండదు. ఇంటర్నెట్‌లో ఒకే పేపరుకు యాభై వేలని రాసి ఏళ్లతరబడి అలాగే ఉంచినవాళ్లను చూసి ఆశపడకండి. అది వారి కోరిక మాత్రమే, అమ్ముడుపోయినప్పుడు చేతికి వచ్చినదే ధర. ఫ్రేము కట్టి ఉన్న ప్రతిని వెనక్కి తిప్పి చూడండి, వెనక సినిమా ప్రకటనలో, ధాన్యం ధరలో ఉండకుండా తెల్లగా ఉంటే అది ఇటీవల అచ్చువేసిన నకలు.

ఇంతకీ మీ 26వ తేదీ ప్రతిలో వెస్టిండీస్ 140 పరుగులకు ఆలౌటైనట్టు ఉందా? లేకపోతే, ఎవరేమన్నా సరే, 27వ తేదీదానికన్నా దానికే ఎక్కువ అడగండి.