సొరుగుల బీరువా ఆగుతుంది, ఇంటద్దె ఆగదు

ప్రశ్న: మేము ఫ్రాన్స్‌లో, తూలూజ్‌లో ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఇక్కడ ఒక కంపెనీలో రెండేళ్లు చేసి, రాజీనామా ఇచ్చి, రెండు నెలల క్రితం కొత్త కంపెనీలో చేరాను. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. చేతికి నెలకు 3,150 యూరోలు వస్తాయి. మావారు ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారు, ఉద్యోగం లేదు. మాకు నాలుగేళ్ల పాప. కాకినాడలో అమ్మానాన్నలకు పంపే 300తో కలిపి నెల ఖర్చు 2,500. లివ్రే-ఆ (Livret A) అనే పొదుపు ఖాతాలో 3,200 ఉన్నాయి. మా అమ్మమ్మగారిది యానాం. ఆ ఇంట్లో ఇత్తడి పిడులున్న సొరుగుల బీరువా ఒకటి ఉండేది, పంపకాల్లో పోయింది. ఇక్కడ ఒక యాంటిక్ షాపులో అలాంటిదే, ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కాలం నాటి వాల్‌నట్ చెక్కది, 700కు కనిపించింది. దాని పక్కనే పాలరాతి పలక, పొదిగిన పూల పనితనం ఉన్న 15వ లూయీ రాజు నాటి తీరు బీరువా 9,500కు ఉంది. రెండూ తీసుకుంటున్నాం. 500 అడ్వాన్స్ ఇచ్చాం. మిగతా 9,700కు షాపు ద్వారానే లోన్: 7.9 శాతం, 48 నెలలు, నెలకు 235. ఈ నెల 6న సంతకం చేశాను. యాంటిక్ కాబట్టి ధర పెరుగుతుందని, ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు అమ్మేయొచ్చని అనుకుంటున్నాం. ఇది మంచి పెట్టుబడేనా? లేక ఇండియాలో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టాలా?

జవాబు: గడువుతో ముడిపడిన విషయం కాబట్టి దీన్ని ముందే మీకు మెయిల్‌లో పంపాను. ఇక్కడ కూడా రాయడానికి కారణం ఉంది. విదేశాల్లో ఉద్యోగం చేసే మనవాళ్లు ఈమధ్య ఇదే పొరపాటు పదేపదే చేస్తున్నారు. ఒకరు కారు, ఒకరు పియానో, మీరు బీరువా. వస్తువు ఏదైనా లెక్క ఒకటే: చేతిలో రెండు నెలల ఖర్చు కూడా లేకుండా నాలుగేళ్ల అప్పు.

మీరు అడిగింది పెట్టుబడి గురించి. నేను ముందుగా మాట్లాడాల్సింది మీ 3,200 గురించి. నెలకు 2,500 ఖర్చయ్యే ఇంటికి అది 38 రోజులకు సరిపోతుంది. ఇంట్లో సంపాదన ఒక్కరిదే. ఆ ఒక్కరూ ప్రొబేషన్‌లో ఉన్నారు. ఇంజనీర్ల హోదాలో ఇక్కడ ప్రొబేషన్ 4 నెలల దాకా ఉండొచ్చు, ఒకసారి పొడిగిస్తే 8 నెలలు. ఆ సమయంలో కంపెనీ కారణం చెప్పకుండానే పంపించేయగలదు. చేరి నెల దాటి, మూడు నెలలు నిండని మీకు ఇవ్వాల్సిన నోటీసు రెండు వారాలు. మీ రెసిడెన్స్ కార్డు కూడా ఉద్యోగాన్ని చూసి ఇచ్చిందే.

"ఫ్రాన్స్‌లో ఉద్యోగం పోతే ప్రభుత్వం భృతి ఇస్తుంది కదా" అని మీ మెయిల్ చివర రాశారు. అందరూ ఇదే ధైర్యంతో ఉంటారు. మీ విషయంలో మాత్రం ఇప్పుడు ఆ ధైర్యం చెల్లదు. పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది మీరే. కొత్త కంపెనీ 65 పనిరోజులు పూర్తికాకముందే మిమ్మల్ని తీసేస్తే, ఆ రాజీనామాకు ముందు వరసగా మూడేళ్లు ఉద్యోగంలో ఉన్నవారికే మామూలుగా భృతి అందుతుంది. మీకున్నది రెండేళ్లు. రెండు నెలలంటే నలభై రెండు, నలభై మూడు పనిరోజులు. అంటే ఇంకో ఇరవై రెండు, ఇరవై మూడు పనిరోజుల దాకా మీ కింద వల లేదు. ఆ తర్వాత కూడా భృతి మొదటి రోజు నుంచే చేతికి రాదు. ఏడు రోజుల నిరీక్షణ, వాడుకోని సెలవులకు వచ్చిన డబ్బును బట్టి ఇంకొన్ని రోజులు. వచ్చేది గ్రాస్ జీతంలో, అంటే కోతలకు ముందు జీతంలో, దాదాపు 57 శాతం. మీ ఖర్చుకు అది చాలదు. మీ పాత తేదీలు, కొత్త తేదీలు పట్టుకుని నిరుద్యోగ భృతి చూసే ప్రభుత్వ సంస్థ ఫ్రాన్స్ త్రవాయ్ వాళ్లను ఒకసారి అడగండి, మీ ఫైలు చూసి వాళ్లే చెబుతారు.

ఈ పరిస్థితిలో నెలకు 235 కట్టే బాధ్యత నెత్తిన పెట్టుకోవడం నాకు అసలు మింగుడు పడలేదు. వడ్డీ కలిపితే మీరు తిరిగి కట్టేది 11,280. అందులో వడ్డీ 1,580. అంటే 700 బీరువాలు రెండు కొనగలిగే సొమ్ము ఫైనాన్స్ కంపెనీకి పోతుంది. "7.9 శాతమే కదా, కార్డు వడ్డీ కంటే నయం" అన్నారు. కార్డు వడ్డీతో పోలిస్తే ఏ అప్పైనా నయంగానే కనిపిస్తుంది, అది కొలబద్ద కాదు. ఒక్క నెల జీతం ఆగితే మీరు చేసేదేమిటి? ఆ కార్డే తీస్తారు. 3,000 యూరోల లోపు అప్పులకు ఇక్కడ చట్టం ఒప్పుకునే గరిష్ఠ వడ్డీ 20 శాతం పైనే ఉంది. బీరువా అప్పు తీర్చడానికి కార్డు అప్పు, కార్డు అప్పు తీర్చడానికి కాకినాడ నుంచి అమ్మ బంగారం. ఈ వరస నేను చాలా ఇళ్లలో చూశాను.

నిరుడు చలికాలంలో నా దగ్గరికి వచ్చిన ఒక జంటకు జీతాలు రెండూ బాగానే వస్తున్నాయి. ఇల్లంతా వాయిదాల మీద అమర్చుకున్నారు. ఊళ్లో తండ్రికి గుండెపోటు వచ్చిన రాత్రి ఇద్దరికి విమానం టికెట్లు కొనడానికి ఖాతాలో డబ్బు లేదు. ఒక్కరే వెళ్లారు. రెండోవారు ఆయన్ని చివరిసారి చూడలేకపోయారు. అత్యవసర నిధి అని నేను పదేపదే అనేది ఇందుకే. మీకూ అమ్మానాన్నలు కాకినాడలో ఉన్నారు. వాళ్లకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఆ ఆసుపత్రి బిల్లు కూడా ఈ 3,200 మీదే పడుతుంది.

మీ ఇంటికి కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అంటే 15,000. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి మూడు నెలలు చాలవు. ఇప్పుడు నెలకు మీకు 650 మిగులుతోంది. లోన్ లేకుండా ఉంటే దాదాపు 18 నెలల్లో 15,000కు చేరతారు. లోన్ ఉంటే మిగిలేది 415, పట్టేది 28 నెలలకు పైనే. మీవారికి ఈలోపు ఉద్యోగం వస్తుందని లెక్కలో కలపకండి. వస్తే ఆ జీతం మొత్తం ముందు ఈ నిధికే వెళ్లాలి. ఈ నిధిని ఇప్పుడున్న లివ్రే-ఆ ఖాతాలోనే పెంచండి, దాని పరిమితి 22,950 కాబట్టి చోటుకు కొదవ లేదు. సిప్ ఈ 15,000 నిండాకే. మీ పేరు మీద టర్మ్ జీవిత బీమా పాలసీ మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

ఇక బీరువా పెట్టుబడా అన్న మాట. ఫ్రెంచ్‌లో దీన్ని కమోద్ అంటారు. మన దగ్గర ఆ మాటకు వేరే అర్థం స్థిరపడిపోయింది కాబట్టి సొరుగుల బీరువా అనే రాస్తున్నాను. ఆంద్రే షార్ల్ బూల్ 1708-09లో 14వ లూయీ కోసం గ్రాండ్ ట్రియానోన్ భవనానికి చేసిచ్చిన జంట ఈ రకంలో తొలినాటి పేరున్న వస్తువులు. 15వ లూయీ కాలంలో, అంటే 1715 నుంచి 1774 దాకా, ముందుభాగం ఉబ్బెత్తుగా, కాళ్లు వంపుగా ఉండే తీరు వచ్చింది. చిక్కేమిటంటే, 19వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా ఇదే తీరులో లెక్కలేనన్ని చేశారు. అవి మోసం కోసం చేసినవి కావు, అప్పటి ఇళ్లలో ఆ తీరు నచ్చి చేయించుకున్నవి. అందుకే ధర అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. రసీదులో "ఎపోక్ లూయీ కెంజ్" (15వ లూయీ కాలం) అని ఉంటే, అది నిజంగా ఆ కాలంలో చేసినదేనని అమ్మేవారు హామీ ఇచ్చినట్టు. 1981 మార్చి 3 నాటి ప్రభుత్వ ఉత్తర్వు (డిక్రీ) ఆ బాధ్యత వాళ్ల మీద పెట్టింది. "స్తీల్ లూయీ కెంజ్" అని ఉంటే ఆ తీరులో ఎప్పుడో చేసినదని మాత్రమే.

మీరు పంపిన ఆర్డరు కాపీ రెండుసార్లు చదివాను. అందులో ఉన్నది "స్తీల్". షాపాయన నోటితో ఏం చెప్పినా కాగితం మీద 15వ లూయీ కాలం అన్న హామీ లేదు. 9,500 ఎందుకు అని అడగాల్సింది అక్కడే. కొనేవారు అడిగితే వస్తువు వివరాలన్నీ రాసి రసీదు ఇవ్వడం అదే డిక్రీ ప్రకారం అమ్మేవారి బాధ్యత, మొహమాటం అక్కర్లేదు. పారిస్‌లో 18వ శతాబ్దం నడిమి నుంచి 1791లో వృత్తి సంఘాలు రద్దయ్యేదాకా వడ్రంగి మేస్త్రీలు తమ పేరు ముద్ర కొట్టేవారు. పాలరాతి పలక ఎత్తితే చట్రం మీద ఆ ముద్ర కనిపించవచ్చు. అయితే ముద్రలకూ నకిలీలున్నాయి. దాన్ని పరీక్షించాల్సింది ఆ విద్య తెలిసిన నిపుణులు.

నిజంగా ఆ కాలం నాటిదే అనుకున్నా ధర పెరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పాత చెక్క సామాను ధరలు 2000 తర్వాత బాగా పడ్డాయి. ఇళ్లు చిన్నవయ్యాయి, కొత్త తరం అభిరుచి మారింది. మీరు షాపు ధరకు కొంటారు, అమ్మేటప్పుడు వేలంలో పెడతారు. అక్కడ కొనేవారి నుంచి వేలం సంస్థ తీసుకునే రుసుమే చాలా చోట్ల 25 శాతం పైచిలుకు. ఎదుటివారు ఆ లెక్క వేసుకునే పాట పాడతారు, ఆ తేడా మీ సొమ్ములో నుంచే పోతుంది. మీ దగ్గర కూడా కమిషన్ పట్టుకుంటారు. వందేళ్లు దాటిన యాంటిక్‌గా 5,000 పైన అమ్ముడైతే మామూలుగా ధర మీద 6.5 శాతం పన్ను. మధ్యలో హీటర్ల పొడిగాలికి పొదిగిన చెక్కపొరలు లేస్తే రిపేరు ఖర్చు. ఇంటి బీమాలో విలువైన వస్తువులకు పెట్టిన పరిమితి చూశారా? చాలా పాలసీల్లో అది తక్కువే ఉంటుంది, విడిగా చెబితే ప్రీమియం పెరుగుతుంది.

వాల్‌నట్ బీరువా సంగతి వేరు. అది మీ అమ్మమ్మగారి ఇంటి జ్ఞాపకం, దాన్ని నేను కాదనను. లూయీ ఫిలిప్ కాలం, అంటే 1830 నుంచి 1848 మధ్య, వచ్చిన ఈ సాదా తీరు బీరువాలు ఇక్కడ పాత సామాన్ల సంతల్లో, ఎమ్మాయూస్ అనే ధర్మసంస్థ దుకాణాల్లో తరచు కనిపిస్తాయి. కొన్ని వందల యూరోలకే దొరుకుతాయి. ప్రొబేషన్ ముగిసి, నిధి 7,500 దాటాక, జేబులో డబ్బుతో ఒకటి కొనుక్కోండి. సొరుగులన్నీ బయటికి లాగి పురుగు పొడి రాలుతోందేమో చూసి మరీ తీసుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. లోన్ ఒప్పందంలో ఈ రెండు వస్తువుల పేర్లు రాసి ఉన్నాయి కాబట్టి అది అమ్మకంతో ముడిపడిన రుణం. సంతకం చేశాక 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే హక్కు మీకుంది. రుణం రద్దయితే అమ్మకం కూడా రద్దవుతుంది, అప్పుడు మీ 500 షాపు తిరిగి ఇవ్వాలి. అది అడ్వాన్సు, వెనక్కి రాదని ఆయన అంటే ఈ నియమం గుర్తుచేయండి. మీరు 6న సంతకం చేశారు, లెక్క 7 నుంచి మొదలవుతుంది, గడువు 20తో అయిపోతుంది. ఒప్పందంతో పాటు ఇచ్చిన రద్దు ఫారం నింపి, ఫైనాన్స్ కంపెనీకి అందినట్టు సంతకం వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. షాపుకు ఒక కాపీ ఇవ్వండి. ఈలోగా బీరువాలు డెలివరీకి వస్తే దింపించుకోవద్దు. పోస్టాఫీసు ఇచ్చిన రసీదు ఫొటో తీసి నాకు పంపండి.